ఆన్‌లైన్ ఆటల్లో పిల్లల భాష, ప్రవర్తన

6.1 ఉపోద్ఘాతం

సాంఘికీకరణ గురించి కిందటి పాఠంలో చదివారు. కుటుంబం, బడి, తోటిపిల్లల గుంపు, ప్రసార సాధనాలు పిల్లలకు భాషను, నడవడిని, మంచిచెడ్డల తేడాను ఎలా అందిస్తాయో అక్కడ చూశారు. ఈ పాఠంలో, ఆ నాలుగింటిలో దేని కింద చేర్చాలో వెంటనే తేలని ఒక చోటును పరిశీలిస్తాం. అది ఆన్‌లైన్ ఆట. అక్కడ తోటిపిల్లలు ఉంటారు కాబట్టి అది తోటిపిల్లల గుంపే. తెర మీద బొమ్మలు కదులుతాయి కాబట్టి ప్రసార సాధనం కూడా. కాని వీధిలో ఆడే ఆటకు ఉన్న ఒక లక్షణం దానికి లేదు. వీధిలో గోలీలో క్రికెట్టో ఆడే పిల్లలు బూతు మాట అంటే అరుగు మీద కూర్చున్న తాత గద్దిస్తాడు. కిరాణా కొట్టు ఆయన "మీ నాన్నకు చెప్తానుండు" అంటాడు. ఆన్‌లైన్ ఆటలో ఆ అరుగు లేదు.

మీలో చాలామంది ఉద్యోగం చేస్తూనో, ఇల్లు చూసుకుంటూనో ఈ కోర్సు చదువుతున్నారు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తలుపు దగ్గరగా వేసుకుని ఫోన్‌లో ఆడే పిల్లలు మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఉండే ఉంటారు. అన్నానికి పిలిస్తే "ఆ, వస్తున్నా" అని మెత్తగా పలికిన గొంతే మరుక్షణం ఫోన్‌లోకి మీరు ఇంట్లో ఎప్పుడూ వినని మాట విసురుతుంది. విన్న పెద్దలకు ముందు ఒక ప్రశ్న పుడుతుంది: "వీడికి ఇవన్నీ ఎక్కడివి?" ఆ వెనకే ఒక తీర్పు వస్తుంది: "ఫోనే చెడగొట్టింది." ప్రశ్న సరైనదే. తీర్పు మాత్రం తొందరపాటు. పిల్లల స్వభావం కంటే వాళ్లు మాట్లాడుతున్న చోటు తీరే ఆ మాటకు ఎక్కువ కారణమవుతుందనీ, చోటును మార్చకుండా పిల్లలను మాత్రమే దండిస్తే ఫలితం నిలవదనీ ఈ పాఠంలో చూపిస్తాం.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది పాఠ్యపుస్తకం కాబట్టి తిట్లను ఉన్నదున్నట్టు అచ్చువేయడం లేదు. "తల్లిని తిట్టే మాట", "కులాన్ని ఎత్తిపొడిచే మాట" అని మాత్రమే రాస్తున్నాం. అవేమిటో మీకు తెలుసు.

6.2 ఆట నడిచే తీరు

ఈ ఆటలు ఎప్పుడూ ఆడనివారు ముందు వాటి నిర్మాణం తెలుసుకోవాలి. అది తెలియకుండా అక్కడి భాష అర్థం కాదు.

మన దేశంలో ఈ చర్చకు దారితీసిన ఆట పబ్‌జీ మొబైల్. 2018లో వచ్చింది. ఒక్కో మ్యాచ్‌లో దాదాపు 100 మంది ఒక దీవిలో దిగుతారు. తుపాకులు, మందులు వెతుక్కుంటారు, ఒకరినొకరు కాల్చుకుంటారు, చివరికి మిగిలినవారు గెలుస్తారు. ఒంటరిగా ఆడవచ్చు. ఎక్కువమంది నలుగురు కలిసిన స్క్వాడ్‌గా ఆడతారు. ఆ నలుగురూ ఒకే బడి స్నేహితులు కావచ్చు, లేదా ఆటే ఎక్కడెక్కడివారినో కలిపి జట్టు కట్టవచ్చు. అలా కలిసినవారిని పిల్లలు "ర్యాండమ్స్" అంటారు. జట్టు సభ్యులు మైక్‌లో మాట్లాడుకుంటారు. దెబ్బ తిన్నవాడు వెంటనే చనిపోడు, "నాక్" అవుతాడు. కొద్ది వ్యవధిలో జట్టువాడు వచ్చి లేపితే, అంటే "రివైవ్" చేస్తే, మళ్లీ ఆడతాడు. లేపకపోతే ఆట అయిపోయినట్టే. మ్యాచ్ చివరిదాకా నిలిస్తే సుమారు అరగంట పడుతుంది.

ఈ వివరాలను భాష వైపు నుంచి మరోసారి చూడండి. ఇరవై అయిదు నిమిషాలు కష్టపడ్డ పిల్లవాడు నాక్ అయి నేల మీద పాకుతున్నాడు. లేపాల్సినవాడు వేరేచోట వస్తువులు ఏరుకుంటున్నాడు. గడియారం తిరిగిపోతోంది. ఆ జట్టువాడి ముఖం కనిపించదు, పేరు తెలియదు, ఊరు తెలియదు. చేతిలో మైక్ ఉంది. తిట్టు పుట్టడానికి కావలసినవన్నీ అక్కడే ఉన్నాయి: నష్టం, తొందర, తప్పు మోపడానికి ఒక మనిషి, ఆ మనిషి మళ్లీ ఎదురుపడడన్న ధైర్యం.

ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద ప్రభుత్వం 2020 సెప్టెంబర్ 2న 118 యాప్‌లను నిషేధించింది. వాటిలో పబ్‌జీ ఒకటి. దాని స్థానంలో భారత్ కోసం చేసిన బీజీఎంఐ 2021 జులైలో వచ్చింది. 2022 ఫిబ్రవరిలో గరీనా ఫ్రీ ఫైర్ నిషేధానికి గురైంది. ఈ నిషేధాలకు చూపిన కారణం దేశ భద్రత, వినియోగదారుల సమాచారం. పిల్లల భాష కాదు. అయినా మన పాఠానికి వీటిలో ఒక విషయం ఉంది. ఆట పేరు మారింది, యాప్ మారింది, కాని మైక్ తెరిచిన నలుగురు, అపరిచితులు, తొందర అలాగే ఉన్నారు. మాటలు కూడా అలాగే ఉన్నాయి.

6.3 ముఖం కనిపించని సంభాషణ

మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ సులర్ 2004లో ఒక వ్యాసంలో, ఎదురుగా ఉన్నప్పుడు అనలేని మాటలను ఆన్‌లైన్‌లో మనుషులు ఎందుకు అంటారో వివరించాడు. ఆన్‌లైన్‌లో అదుపు సడలడం అని దాన్ని తెలుగులో చెప్పుకోవచ్చు. ఆయన ఆరు కారణాలు చూపాడు. వాటిలో మనకు ఎక్కువగా పనికివచ్చేవి మూడు. నేనెవరో ఎవరికీ తెలియదు. నేను ఎవరికీ కనిపించను. ఇక్కడ పెద్దరికం చెల్లదు. నాలుగోదాన్ని కూడా కలుపుకోవచ్చు: ఇదంతా నిజం కాదు, ఆట మాత్రమే అనే భావం. పిల్లలను అడిగితే ఈ నాలుగోదాన్నే ముందు చెబుతారు. "గేమ్‌లో అన్నాను, బయట అనలేదుగా" అంటారు. అది సాకు మాత్రమే కాదు, వాళ్లు నిజంగానే అలా అనుకుంటారు.

సులర్ చేసిన పని మరో విషయం కూడా చెబుతుంది. ఈ సడలింపు ఎప్పుడూ చెడ్డది కాదు. బడిలో నోరు విప్పని పిల్లవాడు మైక్‌లో జట్టును నడిపించడం, ఇంట్లో చెప్పుకోలేని దిగులును ఆటలో స్నేహితుడికి చెప్పుకోవడం కూడా దీని ఫలితాలే. ఒకే తలుపు గుండా రెండూ వస్తాయి.

పేరు తెలియకపోవడం, కనిపించకపోవడం, కళ్లలోకి చూడలేకపోవడం. ఈ మూడింటిలో దుర్భాషకు ఏది ఎక్కువ కారణం? ఇజ్రాయెల్‌లోని హైఫా విశ్వవిద్యాలయానికి చెందిన లాపిడాట్-లెఫ్లర్, బరాక్ 2012లో ప్రచురించిన ప్రయోగంలో ఈ మూడింటిని విడదీసి చూశారు. ఇద్దరిద్దరిని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టి, ఇద్దరికీ ఒకే మందు అవసరమైనప్పుడు అది ఎవరికి దక్కాలో తేల్చుకోమన్నారు. పేరు తెలియకపోవడం కంటే కంటిచూపు కలవకపోవడమే తిట్లకు, బెదిరింపులకు ఎక్కువగా దారితీసిందని తేలింది. పాల్గొన్నవారు పెద్దవాళ్లన్నది గుర్తుంచుకోండి. అయినా మన అనుభవానికి ఇది దగ్గరగానే ఉంది. చిన్నప్పుడు మనల్ని ఆపినవి శిక్షలకంటే ఎక్కువగా చూపులే కదా.

తెలుగు మాట్లాడేవారికి దీనితోపాటు ఇంకో చిక్కు ఉంది. దాన్ని పరిశోధన పత్రాల్లో వెతకనక్కరలేదు, మన వ్యాకరణంలోనే ఉంది. ఇంగ్లిష్‌లో ఎదుటివారు ఎవరైనా ఒకే సర్వనామం సరిపోతుంది. తెలుగులో నోరు తెరవాలంటే ముందు ఎదుటివారి వయసు, వరస, చనువు తెలియాలి. "నువ్వు" అనాలా, "మీరు" అనాలా? "రా" అనాలా, "రండి" అనాలా? అన్నా, అక్కా, బాబాయ్, మాస్టారూ అని ఏదో ఒక పిలుపు తగిలిస్తే గాని వాక్యం మర్యాదగా నిలబడదు. మైక్‌లో ఆ వివరాలేవీ అందవు. అవతలి గొంతు పదేళ్ల పిల్లవాడిదో, ముప్పై ఏళ్ల ఉద్యోగిదో ఒక్కోసారి తెలియదు. అందుకే పిల్లలు అందరినీ "బ్రో" అనో, "భయ్యా" అనో ఒకే గాటన కడతారు. ఆట సాఫీగా ఉన్నంతసేపు ఆ పిలుపు చాలు. కోపం రాగానే "బ్రో" పోయి "ఒరేయ్" వస్తుంది. స్నేహితుల మధ్య "ఒరేయ్" ప్రేమ. అపరిచితుడి మీద అది సగం తిట్టు. మిగతా సగం ఆ వెనకే వస్తుంది. మర్యాదను వరసల మీద నిలబెట్టుకున్న భాషలో వరస తెలియని మనిషితో మాట్లాడే పద్ధతిని మన పిల్లలకు ఇంకా ఎవరూ నేర్పలేదు.

6.4 అర్థం తెలియని తిట్టు

ఇప్పుడు "ఎక్కడివి ఈ మాటలు?" అన్న మొదటి ప్రశ్నకు వద్దాం.

కొన్ని మన ఇళ్లలోవే. పిల్లలు మాటలు నేర్చేటప్పుడే తిట్లనూ నేర్చుకుంటారని, బడిలో చేరేనాటికే వాళ్ల దగ్గర కొంత నిల్వ ఉంటుందని అమెరికాలో తిమొతీ జే వంటివారి అధ్యయనాలు చూపాయి. మన సంగతి కూడా వేరుగా లేదు. ఆటలో వినిపించే "గుడ్డోడా, కనపడట్లేదా", "కుంటినడక" వంటి మాటలు ఏ విదేశీ కంపెనీ నేర్పినవీ కావు. బండి నడిపేటప్పుడు ముందువాడిని తండ్రి అనే మాటలవి. "వెధవ" అనే మాటను చాలామంది తల్లులు ముద్దుగా కూడా వాడతారు. అది భర్త చనిపోయిన స్త్రీని సూచించే "విధవ" నుంచి వచ్చిందని ఎందరు ఆలోచిస్తారు? ఒక స్త్రీ దుఃఖం తిట్టుగా మారి, తరవాత ముద్దుమాటగా మెత్తబడింది. అర్థం మరిచిపోతే ఏ మాటైనా నోటికి తేలికవుతుందనడానికి ఇదొక ఉదాహరణ.

ఆటలో వినిపించే గట్టి బూతుల్లో చాలావరకు హిందీవి, ఇంగ్లిష్‌వి. జట్టులో ఇతర రాష్ట్రాలవాళ్లు ఉండటం ఒక కారణం. యూట్యూబ్‌లో ఆటలు ప్రత్యక్షంగా ప్రసారం చేసే కొందరు పేరున్న ఆటగాళ్ల మాటతీరు మరో కారణం. పిల్లలు వాళ్ల ఆటనే కాదు, ఓడినప్పుడు వాళ్లు విసుక్కునే తీరును కూడా అనుకరిస్తారు. అనుకరణ ద్వారా నేర్చుకోవడం గురించి ఆల్బర్ట్ బందూరా ప్రయోగాన్ని మీరు రెండో పాఠంలో చదివారు. 1961లో స్టాన్‌ఫర్డ్‌లో 72 మంది చిన్నపిల్లలతో చేసినది. రబ్బరు బొమ్మను పెద్దవాళ్లు కొట్టడం చూసిన పిల్లలు, అవకాశం వచ్చినప్పుడు, కొట్టడంతో పాటు పెద్దవాళ్లు అప్పుడు పలికిన మాటలను కూడా పలికారు. పరీక్షల్లో చాలామంది ఈ రెండో సగం రాయడం మరిచిపోతారు. మన పాఠానికి కావలసింది అదే.

పరభాష తిట్టు ఎందుకంత సులువుగా నోటికి వస్తుంది? దీనిపై ఒక చక్కని ప్రయోగం ఉంది. కేథరిన్ హారిస్, ఆయ్షె ఆయ్‌చిచెయి, జీన్ బెర్కో గ్లీసన్ 2003లో దాన్ని ప్రచురించారు. టర్కిష్ మాతృభాషగా ఉండి, తరవాత ఇంగ్లిష్ నేర్చుకున్నవారికి రెండు భాషల్లోనూ బూతు మాటలు, చిన్నప్పుడు పెద్దలు మందలించే మాటలు చూపించి, వినిపించి, వాళ్ల చర్మంలో కలిగే విద్యుత్ మార్పును కొలిచారు. మనసు కదిలితే చేతుల్లో సన్నగా చెమట పడుతుంది, దాన్ని ఆ పరికరం పట్టుకుంటుంది. మాతృభాషలోని బూతులకు, మందలింపులకు వచ్చినంత బలమైన స్పందన రెండో భాషలోని వాటికి రాలేదు. మందలింపుల విషయంలో ఈ తేడా మరీ స్పష్టంగా కనిపించింది.

ఈ ఫలితాన్ని మన పిల్లవాడికి అన్వయించి చూడండి. హిందీలో తల్లిని తిట్టే మాట అతడికి ఒక శబ్దం. కోపం తీర్చుకునే పటాకా లాంటిది. అదే అర్థం ఉన్న తెలుగు మాటను అతడు అమ్మ వినే దూరంలో అనలేడు, గొంతు ఆగుతుంది. మాట అదే, బరువు వేరు. అయితే అవతల వింటున్నవాడికి హిందీ మాతృభాష అయితే? అతడికి పూర్తి బరువుతోనే తగులుతుంది. విసిరినవాడి చేతిలో దూది, తగిలినవాడికి రాయి. చాలా గొడవలు ఇలాగే పెరుగుతాయని నా అభిప్రాయం.

ఇందులోనే ఒక ఉపాయం కూడా ఉంది. దాన్ని 6.7లో చూద్దాం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
(అ) జాన్ సులర్ చెప్పిన కారణాల్లో మీ అనుభవానికి దగ్గరగా ఉన్నది ఏది? అయిదు వాక్యాల్లో రాయండి.
(ఆ) మాతృభాషలోని తిట్టుకు, పరభాషలోని తిట్టుకు తేడా ఏమిటి? మీ ఇంట్లో వాడే ఒక మాటను ఉదాహరణగా తీసుకోండి.

6.5 తిట్టేది ఎవరు? తిట్లు పడేది ఎవరికి?

"చెడ్డ పిల్లలు కొందరుంటారు, వాళ్లను తీసేస్తే సరిపోతుంది" అన్నది సాధారణ అభిప్రాయం. లీగ్ ఆఫ్ లెజెండ్స్ అనే ఆటను తయారుచేసిన రయట్ గేమ్స్ సంస్థ కూడా మొదట అలాగే అనుకుంది. 2012 ప్రాంతంలో మనస్తత్వ శాస్త్రం చదివినవారిని ఉద్యోగంలో పెట్టుకుని, తమ ఆటలోని సంభాషణలను పరిశీలింపజేసింది. తేలింది వేరు. ఎప్పుడూ తిడుతూ ఉండేవారు నిజంగానే కొద్దిమంది. కాని మొత్తం తిట్లలో వాళ్ల వాటా చిన్నది. అత్యధిక భాగం మామూలు ఆటగాళ్ల నుంచే వచ్చింది. మిగతా రోజుల్లో మర్యాదగా ఉండి, ఆ రోజు ఓడి, విసిగి నోరు జారినవారి నుంచి. ఆ విసుగు ఒక ఆట నుంచి తరవాతి ఆటకు, ఒకరి నుంచి మరొకరికి అంటుకుంటుంది.

ఆ సంస్థ చేసిన ఒక చిన్న మార్పు మనకు మరింత ముఖ్యం. ఎదుటి జట్టుతో మాట్లాడే సౌకర్యాన్ని ముందుగానే మూసి ఉంచింది. కావలసినవారు సెట్టింగ్స్‌లోకి వెళ్లి తెరుచుకోవచ్చు. ఎవరినీ నిషేధించలేదు, ఎవరికీ నీతి చెప్పలేదు. ఆ సౌకర్యం వాడకం దాదాపు అంతే ఉంది, చెడ్డ సంభాషణ మాత్రం సుమారు మూడోవంతు తగ్గింది. తెరుచుకోవడానికి పట్టే ఆ పదిసెకన్లే కోపానికి అడ్డుకట్ట అయ్యాయి. ఈ పాఠంలో ఒక్క విషయమే గుర్తుంటుందనుకుంటే ఇది గుర్తుంచుకోండి.

ఇక తిట్లు పడేవారి సంగతి. కుజ్నెకాఫ్, రోజ్ అనే పరిశోధకులు హేలో 3 అనే ఆటలో ముందుగా రికార్డు చేసిన మగ గొంతుతో కొన్ని, ఆడ గొంతుతో కొన్ని, గొంతు లేకుండా కొన్ని మ్యాచ్‌లు ఆడి చూశారు. పలికిన మాటలు ఒకటే, ఆటతీరు ఒకటే. ఆడ గొంతుకు వచ్చిన చెడ్డ వ్యాఖ్యలు మిగతా రెండింటికి వచ్చినవాటికి మూడు రెట్లు. అదే ఆటపై 2015లో వచ్చిన మరో అధ్యయనంలో, సరిగా ఆడలేక వెనకబడిన మగవాళ్లే ఆడ గొంతు మీద ఎక్కువ విరుచుకుపడ్డారని తేలింది.

ఈ పాఠంలో ఇంతవరకు "పిల్లవాడు" అని రాసిన చాలా చోట్ల "అమ్మాయి" అని చదువుకున్నా తప్పులేదు, ఆడపిల్లలూ ఆడతారు, తిడతారు కూడా. కాని తిట్లు పడే వైపు నుంచి చూస్తే ఇద్దరి పరిస్థితి సమానం కాదు. మైక్ మూసుకుని ఆడే అమ్మాయిలు, అబ్బాయి పేరు పెట్టుకుని ఆడే అమ్మాయిలు మీకు తెలిసినవారిలోనే ఉండవచ్చు, అడిగి చూడండి. జట్టు ఆటలో మైక్ మూయడమంటే సగం ఆట వదులుకోవడమే. యాసను వెక్కిరించడం, పేరును బట్టి కులాన్నో మతాన్నో ఊహించి మాట అనడం మనదైన జోడింపులు. మైక్‌లో ముఖం కనిపించదు గాని, యాస దాగదు.

6.6 హింస ఉన్న ఆట పిల్లలను క్రూరుల్ని చేస్తుందా?

ఈ ప్రశ్నపై వాదన చాలా పాతది, ఇక్కడ క్లుప్తంగానే చూద్దాం. తుపాకీ ఆటకు, బయటి హింసకు నేరుగా ముడిపెట్టే వాదన బలంగా నిలబడలేదు. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఆండ్రూ షిబిల్‌స్కీ, కార్డిఫ్‌కు చెందిన నెటా వైన్‌స్టీన్ 2019లో ప్రచురించిన అధ్యయనంలో, బ్రిటన్‌లోని 14, 15 ఏళ్ల పిల్లలు సుమారు వెయ్యిమందిని పరిశీలించారు. హింసాత్మక ఆటలు ఆడటానికి, తల్లిదండ్రులు చెప్పిన దుందుడుకు ప్రవర్తనకు సంబంధం కనిపించలేదు. అదే షిబిల్‌స్కీ ఇతరులతో కలిసి 2014లో చేసిన ప్రయోగాల్లో, కోపాన్ని పెంచేది ఆటలోని హింస కంటే "నాకు ఇది చేతకావడం లేదు" అన్న భావన అని తేలింది. మీటలు సరిగా పనిచేయకపోయినా, ఆట మితిమీరి కష్టంగా ఉన్నా, రక్తం చుక్క లేని ఆటలో కూడా మనిషి చిరాకుపడతాడు.

ఇంట్లో గమనిస్తే ఇది తెలుస్తుంది. నెట్ ఆగి ఆగి వచ్చిన రోజు, పాత ఫోన్ వేడెక్కి తెర నిలిచిపోయిన రోజు, మైక్‌లో మాటలు ముదురుతాయి. చెప్పడానికి చిన్నదిగా అనిపించినా, మంచి సిగ్నల్ ఉన్న గదిలో కూర్చోబెట్టడం కొన్ని తిట్లను ఆపుతుంది.

6.7 పెద్దలు చేయదగినవి

ఏడో తరగతి చదివే ఒక అబ్బాయి ఉన్నాడనుకుందాం. మైక్‌లో హిందీ బూతు అన్నాడు. వంటింట్లో ఉన్న తల్లి విన్నది. సాధారణంగా జరిగేది ఇది: వచ్చి ఫోన్ లాక్కుంటుంది, రెండు దెబ్బలు వేస్తుంది. పిల్లవాడు అంతకంటే గట్టిగా అరుస్తాడు. అతడి అరుపు బూతు గురించి కాదు. మ్యాచ్ మధ్యలో వెళ్లిపోతే మిగతా ముగ్గురికి నష్టం, రేపు బడిలో వాళ్లకు జవాబు చెప్పుకోవాలి. తల్లికి ఆ ముగ్గురు కనిపించరు. ఇద్దరూ వేర్వేరు విషయాల మీద పోట్లాడుకుంటారు.

మ్యాచ్ అయ్యేదాకా ఆగితే సంభాషణ ఇలా నడవవచ్చు.

"నాన్నా, ఇందాక మైక్‌లో ఒక మాట అన్నావు. దానికి అర్థం తెలుసా?"
"ఏది? అదా... అందరూ అంటారమ్మా. వాడు రివైవ్ చేయలేదు."
"రివైవ్ చేయకపోతే కోపం వస్తుందిలే. అర్థం అడుగుతున్నా."
"తెలీదు. తిట్టే కదా."
"వాళ్లమ్మ గురించి అది. తెలుగులో చెప్తా విను. ఆ తరవాత నువ్వు నాకు తెలుగులో చెప్పు."
"వద్దమ్మా."
"ఎందుకొద్దు? ఇందాక అన్నావుగా."
పిల్లవాడు మాట్లాడలేదు.

6.4లో చెప్పిన ఉపాయం ఇదే. పరభాషలో బరువు కోల్పోయిన మాటకు మాతృభాషలో బరువు తిరిగి ఇవ్వడం. తల్లి ఇక్కడ పిల్లవాడి కోపాన్ని తప్పు పట్టలేదని గమనించండి. కోపం వేరు, ఆ కోపానికి ఎంచుకున్న మాట వేరు. "నూబ్", "బాట్" వంటి ఆట తిట్లనూ, తల్లిని తిట్టే మాటనూ ఒకే గాటన కట్టి అన్నింటికీ ఒకే శిక్ష వేస్తే, పిల్లవాడికి ఆ తేడా ఎప్పటికీ తెలియదు. ఆటతీరును ఎగతాళి చేయడం ఒకటి. మనిషి పుట్టుకను, శరీరాన్ని, కులాన్ని, ఆడతనాన్ని పట్టుకుని అవమానించడం మరొకటి. ఇంటి నియమం ఈ రెంటి మధ్య గీత గీయాలి. మొదటిదాన్ని చూసీచూడనట్టు వదిలినా ఫరవాలేదు.

తరవాత చోటును మార్చడం. ఆటల్లో మైక్‌ను పూర్తిగా మూసే, జట్టువరకే పరిమితం చేసే, ఒక్కొక్క ఆటగాడి గొంతును ఆపే సౌకర్యాలు ఉంటాయి. తిట్టినవారిని రిపోర్ట్ చేసే మీట కూడా ఉంటుంది. పిల్లవాడితో కలిసి కూర్చుని ఇవి ఎక్కడున్నాయో అతడినే చూపించమనండి, మీకంటే అతడికే బాగా తెలుసు. అపరిచితులతో కాక తెలిసిన నలుగురితో ఆడటం మరీ మంచిది. తెలిసినవాడిని తిడితే రేపు ఎదురుపడాలి, అంటే పోయిన అరుగు కొంత తిరిగి వచ్చినట్టే. ఇయర్‌ఫోన్లు తీసి, హాల్లో కూర్చుని ఆడమనడం కూడా అలాంటిదే. ఇంట్లో నాయనమ్మ ఉంటే ఆమె పక్కన కూర్చోవడమే చాలు, ఆమె ఏమీ అననక్కరలేదు.

యంత్రం మీద అతిగా ఆధారపడవద్దు. రోబ్లాక్స్ వంటి ఆటల్లో రాసే చాట్‌లోని చెడ్డ మాటలను వడపోసి వాటి స్థానంలో గుర్తులు పెట్టే ఏర్పాటు ఉంది. కాని తెలుగు తిట్టును ఇంగ్లిష్ అక్షరాల్లో పదిరకాలుగా రాయవచ్చు, అక్షరాల మధ్య అంకెలు ఇరికించవచ్చు. మాటను పట్టుకోవడం రాతను పట్టుకోవడం కంటే కష్టం. బీజీఎంఐలో 18 ఏళ్లలోపువారికి రోజుకు 3 గంటల పరిమితి పెట్టారు. పుట్టిన సంవత్సరం తప్పు కొట్టినవాడికి ఆ పరిమితి వర్తించదు.

ఇక ఇంట్లో పెద్దల నోటి సంగతి ఎవరూ వినడానికి ఇష్టపడరు గాని చెప్పక తప్పదు. క్రికెట్ మ్యాచ్ చూస్తూ క్యాచ్ వదిలినవాడిని తండ్రి ఏమంటున్నాడో పిల్లవాడు పక్కనే కూర్చుని వింటున్నాడు.

6.8 భాష దాటిన సమస్యలు

కొన్నింటిని మాటలుగా భావించి వదిలేయకూడదు. ఇంటి చిరునామానో బడి పేరునో తెలుసుకుని బెదిరించడం, ఫోటోలు అడగడం, ఆటలో బహుమతులు ఇస్తానని వేరే యాప్‌లోకి రమ్మనడం, తండ్రి ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చెప్పమనడం నేరాల కిందికి వస్తాయి. అలాంటప్పుడు పిల్లలను తిట్టకుండా, సంభాషణను చెరిపేయకుండా, తెర ఫోటోలు తీసి భద్రపరచాలి. సైబర్ నేరాలకు 1930, పిల్లల సహాయానికి 1098 నంబర్లు దేశమంతటా పనిచేస్తాయి. ఫోన్ లాక్కుంటారన్న భయం ఉన్న పిల్లలు ఇలాంటివి ఇంట్లో చెప్పరు. బూతు మాటకు వేసిన పెద్ద శిక్ష, దానికంటే పెద్ద ప్రమాదాన్ని దాచేలా చేయవచ్చు.

ఆట వదలలేని స్థితి మరొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలోని 11వ కూర్పు 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. అందులో ఆటల రుగ్మతకు చోటిచ్చారు. ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నింటికంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం జరుగుతున్నా ఆపలేకపోవడం దాని లక్షణాలు. సాధారణంగా ఇవి 12 నెలల పాటు కనిపించాలి. సెలవుల్లో పదిరోజులు అదేపనిగా ఆడిన పిల్లవాడికి ఈ పేరు తగిలించకూడదు. బెంగళూరులోని నిమ్హాన్స్ సంస్థ ఇలాంటి సమస్యల కోసం 2014లోనే ప్రత్యేక క్లినిక్ ప్రారంభించింది. టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

చేసి చూడండి

మీ ఇంట్లో లేదా ఇరుగుపొరుగున 10 నుంచి 16 ఏళ్ల మధ్య వయసు ఉండి, ఆన్‌లైన్ ఆట ఆడే ఒకరిని ఎంచుకోండి. మీరు ఎందుకు వింటున్నారో వారికీ, వారి తల్లిదండ్రులకూ ముందే చెప్పి ఒప్పించండి. దొంగచాటుగా వినవద్దు. రెండు మ్యాచ్‌ల పాటు పక్కన కూర్చుని, కాగితం మీద నాలుగు గళ్లు గీసి, ఎవరిని ఏ పిలుపుతో పిలిచారు, ఏ భాషలో తిట్టారు, ఆ క్షణంలో ఆటలో ఏం జరిగింది, అవతలివారు ఏమన్నారు అన్నవి రాసుకోండి. మాటలను ఉన్నదున్నట్టు రాయనక్కరలేదు, రకం రాస్తే చాలు. రెండో మ్యాచ్‌లో ఇయర్‌ఫోన్లు తీసేసి ఆడమనండి. మీరు పక్కన ఉన్నందువల్ల కూడా మాట మారవచ్చు, దాన్ని ఎలా లెక్కలోకి తీసుకుంటారో రాయండి. రెండు మ్యాచ్‌ల మధ్య తేడాను రెండు పేజీలకు మించకుండా రాసి, అధ్యయన కేంద్రంలో జరిగే తరగతికి తీసుకురండి. పిల్లల పేర్లు, వారి ఆట పేర్లు ఎక్కడా రాయవద్దు.